రెండు చేతుల పళ్లెం

బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండి పెట్టే ఆవిడను అందరూ గరిటమ్మ అనేవాళ్లు. పొట్టి మనిషి, మోచేతుల దాకా ఆవిరి కొట్టిన మచ్చలు. వడ్డించేటప్పుడు పిల్లల మొహాలు చూసేది కాదు, చేతులు చూసేది. పళ్లెం ఒంటిచేత్తో చాపి పక్కవాడితో కబుర్లాడేవాళ్లు పొద్దున ఏదో ఒకటి తిని వచ్చినవాళ్లు. రెండు చేతులా గట్టిగా పట్టుకున్నారంటే ఇంట్లో పొయ్యి వెలగలేదన్నమాట. వాళ్లకు మాత్రం గరిటె కాస్త లోతుకు దించి వడ్డించి, ఏమీ ఎరగనట్టు "జరుగు, జరుగు" అని కసిరేది.

ఊరంతా జబ్బు పాకి బడి మూసేశాక ఆవిడ పనీ పోయింది, కూతురి పనీ పోయింది. అయినా పన్నెండయ్యేసరికి గరిటమ్మకు కాలు ఒకచోట నిలిచేది కాదు. "ఆ రెండు చేతులవాళ్లు ఇప్పుడేం తింటున్నారో" అంటూ వాకిట్లోకీ లోపలికీ తిరిగేది. "నీ మనవరాలు ఇక్కడే ఉంది, ముందు దానికి పెట్టవే అమ్మా" అని నవ్వేది కూతురు. ఒకరోజు అలాగే తిరిగి తిరిగి గరిటమ్మ అన్నం గిన్నె ముందు కూర్చుంది. మనవరాలు పళ్లెం చాపింది, రెండు చేతులతో. గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"పొద్దున గంజి తాగానన్నావు కదే?"

"అమ్మ తాగలేదని తన గిన్నెలో పోసేశాను అమ్మమ్మా. చెప్పకు, తిడుతుంది."

గరిటమ్మ అలవాటు కొద్దీ గరిటె లోతుకు దించింది. దించీ దించకముందే అడుగు తగిలి టంగుమంది. ఉన్నదంతా గీకి పళ్లెంలో వేసి, "జరుగు, జరుగు" అంది, పిల్ల వెనక వరసలో ఎవరూ లేకపోయినా.