మినహాయింపు లేని తరగతి

ఆర్డిస్ లండ్‌గ్రెన్ దగ్గర చదువుకున్నవాళ్ళు మా ఊరి నిండా ఉన్నారు. వాళ్ళని గుర్తుపట్టడం తేలిక. సూపర్ బజార్లో ఆవిడ ఒక వరుసలోకి వస్తుంటే, రెండో వైపు నుంచి బండి తోసుకుంటూ జారుకునేవాళ్ళు వాళ్ళే. పళ్ళ డాక్టరు ఒకడున్నాడు, పాపం నలభై దాటినవాడు. ఆవిడ నోరు తెరిచి కుర్చీలో పడుకుని ఉండగా, "ఈ పన్ను తీసేయాలనిపిస్తోంది మేడం" అన్నాడట. మాట్లాడే వీలు లేక ఆవిడ వేలెత్తి చూపించింది. వాడికి వెంటనే అర్థమై, ఎక్స్‌రే తెచ్చి, మచ్చ ఎక్కడుందో చూపించి, అప్పుడు పన్ను ముట్టుకున్నాడు. ఆధారం చూపించకుండా అభిప్రాయం చెబితే ఆవిడ దగ్గర పప్పులుడకవు. పన్ను విషయమైనా అంతే.

మిన్నెసోటాలో ఉత్తరాన, ఏడాదిలో సగం మంచు కింద ఉండే మా ఊరి హైస్కూల్లో ఆవిడ పదో తరగతిలో చురుకైనవాళ్ళకి ఆనర్స్ ఇంగ్లిష్ చెబుతుంది. మొదటి రోజున పిల్లలకు పుస్తకం ఇవ్వదు. "అంచనాలు, అలవాట్లు" అనే కాగితాల కట్ట ఇస్తుంది. నీ నుంచి నేనేం ఆశిస్తున్నానో అందులో ఉంది, అది చేయడం ఎలాగో కూడా ఉంది, ఇక నీకు సాకు లేదు, అని దాని సారాంశం.

బెల్లు మోగిందంటే తలుపుకి గడియ పడాలి, పెన్సిలు కదలాలి. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఎంత తలుపు కొట్టినా ఎవరూ తీయరు. ఆఫీసుకి వెళ్ళి ఆలస్యపు చీటీ తెచ్చుకోవాలి. రాత అయ్యాక బల్లలన్నీ గుండ్రంగా జరిపి, చదివిన అధ్యాయం గురించి పిల్లలే మాట్లాడుకోవాలి. టీచరు నోరు విప్పదు. గదిలో ఉన్న ప్రతివాళ్ళూ మాట్లాడాలి. "ప్రతీక" అన్న మాట వాడితే పేజీ నంబరు చెప్పాలి. చదవకపోతే చదవలేదని చెప్పు, ఎవరూ ఏమీ అనరు. చదవకుండా చదివినట్టు కోతలు కోస్తే మాత్రం పుస్తకం పట్టుకుని వసారాలో బెంచీ మీద కూర్చోవాలి, అధ్యాయం పూర్తయ్యేదాకా లోపలికి రాకూడదు. అన్నిటికన్నా కింద, లావు అక్షరాల్లో, ఎవరికీ మినహాయింపు లేదు అని ఉంటుంది.

రాసిచ్చి ఊరుకుంటే అది ఆర్డిస్ ఎందుకవుతుంది? మొదటి రెండు వారాలూ పాఠం లేదు, కవాతే. గదిలోకి రావడం ఎలా, కాగితాలు అందించడం ఎలా, చప్పుడు కాకుండా బల్ల జరపడం ఎలా. "మళ్ళీ" అంటుంది. జరుపుతారు. "కుర్చీ కాలు కీచుమంది. మళ్ళీ." వీళ్ళని మంచు హాకీకి పంపినా ఇంత ఒళ్ళు అలిసేది కాదని తల్లులు గొణుక్కుంటారు. గొణుక్కుంటూనే మరుసటేడు రెండోవాణ్ణి కూడా తెచ్చి అదే తరగతిలో వేస్తారు.

ఇంత కోటకీ ఈ ఏడాది బీటలు పడేలా ఉంది. కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ డెల్ స్ట్రాండ్ నిన్నమొన్నటిదాకా హాకీ కోచ్. భారీ మనిషి, మంచివాడు, ఎవరెదురైనా వీపు మీద చరిచి "భేష్!" అంటాడు. వంటమనిషి కూర మాడ్చినా భేషే. ఆయన బల్ల మీదికి ఆనర్స్ ఇంగ్లిష్ కంప్యూటర్లో నేర్పే పథకం ఒకటి వచ్చి పడింది. పిల్లలు లైబ్రరీలో కూర్చుని మీటలు నొక్కుకుంటారట. ఆర్డిస్ భోజనాల హాలు కాపలాకి మారుతుందట.

"ఇంకా ఏదీ తేల్చుకోలేదు ఆర్డిస్ గారూ," అన్నాడాయన నసుగుతూ. "గురువారం మీ క్లాసుకొచ్చి కూర్చుంటాను. మీరేం చేస్తారో చూస్తాను. చూసి చెప్తాను."

"చూడండి," అంది ఆవిడ. పైకి బింకంగానే అంది గానీ ఇంటికెళ్ళాక ఆ సాయంత్రం అన్నం సహించలేదు. ఆవిడకి ఆ తరగతి తప్ప వేరే సరదా లేదు. పదిహేనేళ్ళ పిల్ల ఒకతె ఉన్నట్టుండి తలెత్తి, "కాదు, నేనొప్పుకోను, ఇక్కడ చూడండి" అని పేజీ తిప్పే ఆ క్షణం కోసమే ఆవిడ మంచులో కారు తవ్వుకుని రోజూ బడికొస్తుంది. భోజనాల హాల్లో ట్రేలు లెక్కపెట్టడం తలుచుకుంటేనే ఆవిడకి ఏడుపొచ్చింది.

భర్త మిల్ట్‌కి టైర్ల దుకాణముంది. ఆయన ఓదార్చబోయాడు. "పోనీలేవే, అందరికీ పక్కకి తప్పుకునే రోజొకటి వస్తుంది."

"అందరికీ అంటే ఎవరెవరికి? పేర్లు చెప్పు."

మిల్ట్ లేచి కుక్కని తీసుకుని బయటికి పోయాడు.

గురువారం వచ్చింది. నిద్ర చాలక ఆవిడ పొద్దుటి నుంచీ కాఫీ మీద కాఫీ తాగింది. ఇక్కడో మాట చెప్పాలి. మా బళ్ళలో తరగతికీ తరగతికీ మధ్య అయిదు నిమిషాలే విరామం. టీచర్ల బాత్‌రూం వ్యాయామశాల అవతల, బడికి ఆ చివర. అందుకే టీచర్లందరూ ఎడారి ఒంటెల్లా బతుకుతారు. ఆర్డిస్ ఎన్నడూ పగటిపూట ఆ దారి పట్టి ఎరగదు. ఆ రోజు కాఫీ ఊరుకోలేదు. గదిలోకి అప్పుడే వస్తున్న ప్రిన్సిపాల్‌కి వెనక బల్ల చూపించి, "ఇప్పుడే వస్తాను" అని పరుగందుకుంది.

తిరిగొచ్చేటప్పుడూ పరుగే. వసారా మలుపు తిరిగింది. తన గది తలుపు కనిపించింది, తలుపుకున్న అద్దంలోంచి తన బల్ల కూడా కనిపించింది. ఆవిడ చెయ్యి పిడిని తాకింది, బెల్లు మోగింది, లోపలి నుంచి గడియ టక్కుమని పడింది.

గడియ బాధ్యత ఆ నెల ఓడెన్ అనే కుర్రాడిది. గడ్డం ఇంకా మొలవలేదు గానీ విధినిర్వహణలో భీష్ముడు.

ఆర్డిస్ అద్దం మీద తట్టింది. "ఓడెన్! తియ్యి!"

ఓడెన్ అద్దంలోంచి చూశాడు. వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. "బెల్లు మోగిపోయింది మేడం," అన్నాడు గుసగుసగా.

"నేనురా!"

"మినహాయింపు లేదు కదా మేడం." ఏడుపు గొంతుతో అన్నాడు పాపం. "మీరే చెప్పారు. చీటీ తెచ్చుకోండి."

ఆవిడకి వాణ్ణి నమిలి మింగాలనిపించింది. అదే క్షణంలో, ఎంత బాగా పెంచానురా నిన్ను అని కూడా అనిపించింది. మింగలేక కక్కలేక ఆఫీసు వైపు నడిచింది.

ఆఫీసులో డార్లీన్ ఏళ్ళ తరబడి ఆలస్యపు చీటీలు రాస్తోంది. తలెత్తకుండానే "పేరు?" అంది.

"ఆర్డిస్ లండ్‌గ్రెన్."

డార్లీన్ తలెత్తింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. "అమ్మో! కారణం ఏమని రాయను?"

"కాఫీ అని రాయి."

"మొదటిసారి కాబట్టి మందలించి వదిలేస్తున్నా," అంది డార్లీన్. ఆ తర్వాత నెల రోజులు ఊళ్ళో ఆవిడ చెప్పుకు తిరగని ఇల్లు లేదు.

చీటీ పట్టుకుని ఆర్డిస్ గది దగ్గరికి వచ్చేసరికి రాత పూర్తయింది. బల్లలు చప్పుడు లేకుండా గుండ్రంగా జరుగుతున్నాయి. ఒక్క కుర్చీ కాలు కూడా కీచుమనలేదు. ఆవిడ లేదని ఎవరూ కంగారు పడలేదు, కబుర్లు చెప్పుకోలేదు. ప్రిన్సిపాల్‌ని కూడా బల్లతో సహా లాక్కొచ్చి వలయంలో కూర్చోబెట్టారు. ఆవిడ తలుపు తట్టబోయేసరికి లోపల మాటలు మొదలయ్యాయి, ఆగిపోయింది. మాటలు మొదలయ్యాక వలయాన్ని ఎవరూ చెదరగొట్టకూడదు. అదీ తను పెట్టిందే. తాను తీసిన గోతిలో తానే పడటమంటే ఇదే. అద్దానికి చెవి ఆనించి నిలబడింది.

వాళ్ళు చదువుతున్న నవలలో ఒక విధవరాలుంది. కరువు శీతాకాలంలో ఆస్తంతా పోయి, ఒక ముసలి గుర్రంతో మిగులుతుంది. ఆ రోజు మాటలు నడిపించే వంతు ఇఫ్రాది. సోమాలియా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ అమ్మాయి, తల చుట్టూ ఊదారంగు గుడ్డ, చేతిలో పెన్సిలు. అందరూ మాట్లాడాక ఆ పిల్ల మర్యాదగా తిరిగింది.

"స్ట్రాండ్ సార్, ఇక మీ వంతు."

"నేనా? నేను ఊరికే చూడ్డానికొచ్చానమ్మా. మీరు కానివ్వండి. భేష్!"

"గదిలో ఉన్నవాళ్ళందరూ మాట్లాడాలి సార్."

ఆయన అటూ ఇటూ చూశాడు. పక్కవాడి పుస్తకం అట్ట మీద గుర్రం బొమ్మ కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. "నాకైతే ఆ గుర్రం... అది పరిగెత్తే తీరు చూస్తే... స్వేచ్ఛకు ప్రతీక అనిపించింది!"

ఇఫ్రా పెన్సిలు కాగితం మీద పెట్టింది.

"పేజీ నంబరు సార్?" అంది ఇఫ్రా.

"మధ్యలో ఎక్కడో."

"గుర్రం రెండో అధ్యాయంలోనే చచ్చిపోయింది సార్."

"చచ్చిపోయాక... ఇంకా స్వేచ్ఛ కదా?"

బయట ఆర్డిస్ అరచేత్తో నోరు మూసుకుంది. కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాళ్ళని చాలామందిని చూసింది గానీ గుడ్డే లేకుండా పీకినవాణ్ణి చూడటం అదే మొదలు. ఇఫ్రా నవ్వలేదు, గొంతు పెంచలేదు. తన పుస్తకం మూసి ఆయన చేతికిచ్చింది. "ఏం పర్లేదు సార్. బయట బెంచీ ఉంది. అధ్యాయం అయ్యాక రండి, మీరేమనుకున్నారో మాకూ వినాలనుంది."

ఓడెన్ గడియ తీశాడు. ప్రిన్సిపాల్ బయటికొచ్చాడు. తలుపు మళ్ళీ మూసుకుంది. బెంచీ పొట్టిది, కూర్చుంటే ఆయన మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. పక్కనే చేతిలో చీటీతో ఆర్డిస్ కూర్చుంది.

"మిమ్మల్నీ గెంటేశారా?" అన్నాడాయన.

"గెంటలేదు. రానివ్వలేదు."

ఆయన పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత తప్పు చేసినవాడిలా నెమ్మదిగా అన్నాడు. "ఆర్డిస్ గారూ, ఏమీ అనుకోకండి. మీరు లేకుండానే వాళ్ళు క్లాసు నడిపించేసుకుంటున్నారు. మరింక మీరెందుకు?"

 ఆ ప్రశ్నకి జవాబుగా ఆవిడ వారం రోజులుగా ఒక ఉపన్యాసం తయారుచేసుకుంటోంది. ఒక్క ముక్క గుర్తురాలేదు. భోజనాల హాలు కళ్ళముందు ఆడింది. చివరికి, "చదవండి ముందు. మాట్లాడుతుంటే పూర్తవదు," అంది.

ఆయన వరుస కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివాడు. చాలాసేపటికి ఆగాడు. "ఇదేంటండీ? గుర్రం చచ్చిపోయింది కదా. రోజూ పొద్దున్నే ఆ జీను తుడుస్తుందేంటి ఈవిడ?"

"మీరేమనుకుంటున్నారు?"

"మీకు తెలుసుగా, చెప్పొచ్చుగా!"

"చెప్పొచ్చు. చెప్పను."

ఆయనకి కోపమొచ్చింది. మళ్ళీ పుస్తకంలోకి చూశాడు. వేలు అక్కడే ఆగిపోయింది. "మా నాన్న కూడా," అన్నాడు. "ఆవులన్నీ అమ్మేశాక కూడా ఏడాది పొడుగునా తెల్లారగట్లే లేచి ఖాళీ కొట్టం కడిగేవాడు. మేం నవ్వేవాళ్ళం. కడక్కపోతే... ఆయనకింకేం మిగలదు. అంతేనా?"

ఆర్డిస్ పుస్తకం వైపు వంగింది. "ఏ పేజీ?" అంది. ఆయన వేలు చూపించాడు.

ఆ తర్వాత ఆయన చెప్పిన మాట ఎవరూ అడిగింది కాదు. "నేను బళ్ళో ఒక్క పుస్తకం కూడా చదవలేదండీ. టీచర్లకీ తెలుసు. శనివారం ఆట ఉంది కదా, పోనీలే, అనేవాళ్ళు. అందరూ మంచోళ్ళే. ఒక్కళ్ళు కూడా నన్ను బయటికి పంపలేదు."

"మంచోళ్ళు కాదు వాళ్ళు," అంది ఆర్డిస్. ఆవిడకి నిజంగా మండింది. ఈ కొండంత మనిషిని ఎవరూ మనిషిగా లెక్కవేయకుండా దాటేశారని ఆవిడకి దుఃఖం కూడా వచ్చింది.

ఆయన చిన్నగా నవ్వాడు. "ఆ కంప్యూటర్ పథకం నేను నొక్కి చూశాను. తప్పు నొక్కినా 'భేష్, మళ్ళీ ప్రయత్నించు' అంటుంది. నాలాగే." తలుపు వైపు చూశాడు. "ఆ పిల్ల మాత్రం నేను ప్రిన్సిపాల్‌నని కూడా చూడలేదు. ఆ తెగువ ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు తెలుసు. క్లాసు మీ దగ్గరే ఉంటుందండీ. ఆ పథకం వెనక్కి పంపిస్తాను."

ఆర్డిస్ ఏదో అనబోయింది. ఇంతలో బెల్లు మోగింది. పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చారు. బడి బడంతా ఆ వసారాలోనే నడుస్తూ, బెంచీ మీద ముడుచుకుని ఉన్న ప్రిన్సిపాల్‌ని చూసి నోరు తెరుస్తోంది. ఆయన లేచాడు.

ఇఫ్రా ఆయన ముందు ఆగింది. "అయిపోయిందా సార్?"

"ఇంకా కొంచెం ఉందమ్మా."

"అయితే లేచారేం?"

ఆయన ఆర్డిస్ వైపు చూశాడు. ఆర్డిస్ కిటికీలోంచి మంచు చూస్తోంది. ఆయన మళ్ళీ కూర్చుని, వేలు వరుస కింద పెట్టి, చదవడం మొదలుపెట్టాడు.