వెనక్కి నడిచే అధ్యక్షురాలు

2011లో నన్ను ఎల్‌బీ నగర్‌కు పార్కుల సహాయక ఇంజనీరుగా వేశారు. మా హోదాకు ఫైలు పెట్టే అధికారమే ఉంటుంది, సంతకం పైవారిది. తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది. బస్సులు నిలిచి మెయిన్ రోడ్డు ఊరేగింపులతో నిండిపోయిన రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్‌లో పనులున్నవాళ్లు మా పార్కు నడకబాట మీదుగా సైకిళ్లు తిప్పడం మొదలుపెట్టారు.

నడకవాళ్లు ఊరుకుంటారా? వాళ్ల సంఘం అధ్యక్షురాలు సుభద్రమ్మ గారు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డు టీచరు, సైకిళ్లకు గేటు మూయించమని అర్జీ ఇచ్చారు. ఆ సంగతి తెలిసి, చీరల దుకాణంలో సేల్స్‌మన్‌గా చేసే పోచంపల్లి నరసింహ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "సారూ, ఇప్పటికే రెండుసార్లు లేట్‌గ పోయిన. ఇంకోసారైతే రావొద్దన్నడు సేటు. గీ బాట బందైతే నా నౌకరి పోతది."

నేను మూయించలేదు, తెలివి ఉపయోగించాను. పైవారి సంతకం తెచ్చుకుని బాట మధ్య పసుపు గీత వేయించి, ఎడమవైపు నడకకు, కుడివైపు సైకిళ్లకు కేటాయించి, సైకిలువాళ్లు గంట కొట్టాలని బోర్డు పెట్టించాను. కొలతల్లో అంగుళం తేడా లేదు. ఆ గీతను చూసుకుని ఎంత మురిసిపోయానో!

మర్నాడు పొద్దున తనిఖీకి నేనక్కడే ఉన్నాను. నరసింహ వెనక నుంచి వస్తూ నియమం ప్రకారం గంట కొట్టాడు. కబుర్లు చెప్పుకుంటూ నడుస్తున్న నలుగురు ఉలిక్కిపడి తలో దిక్కుకు దూకారు. అందులో ఇద్దరు గీత దాటి సరిగ్గా అతని ముందుకే వచ్చారు. వాళ్లను తప్పించబోయి అతను సైకిలుతో సహా పూలమడిలో పడ్డాడు. దెబ్బలు తగల్లేదు గానీ హ్యాండిలు వంకరపోయింది. "అయిపోయింది సారూ నా పని," అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు వాళ్లకు కాస్త ముందు నడుస్తున్న సుభద్రమ్మ గారు నెమ్మదిగా, "ఇతన్ని నేను దూరం నుంచే చూశానండీ," అన్నారు. మోకాళ్ల నొప్పులకు మంచిదని ఎవరో చెబితే ఆవిడ రోజూ వెనక్కి నడుస్తారు. వెనక నుంచి వచ్చేవాళ్లు కనబడేది బాట మొత్తం మీద ఆవిడ ఒక్కరికే.

"మరి చెప్పలేదేం?" అన్నాను.

"మీరు గీత గీశారుగా. అదే చూసుకుంటుందనుకున్నా."

అందరం కలిసి హ్యాండిలు సరిచేశాం. సేటుకు సంజాయిషీ తానే చెబుతానని ఆవిడ బయల్దేరారు. బస్సుల్లేవు, మోకాళ్లు సహకరించవు. "జర గట్టిగ పట్టుకో అమ్మా," అంటూ నరసింహ ఆవిడను క్యారియర్ మీద కూర్చోబెట్టుకున్నాడు. సైకిళ్లు వద్దని అర్జీ పెట్టిన అధ్యక్షురాలు అలా సైకిలెక్కి గేటు దాటారు. సేటు ఆవిడ దగ్గర చదువుకున్నవాడేం కాదు. అయినా చేతులు కట్టుకుని విన్నాడట. నౌకరి నిలబడింది.

మర్నాటి నుంచి గంటతో పని లేకపోయింది. "నరసింహ వస్తున్నాడు, ఇటు జరగండి!" అని ఆవిడే కేకేసేవారు. అతను వేగం తగ్గించి, "పోతున్న అమ్మా," అని చెప్పి మరీ దాటేవాడు. అర్జీని ఆవిడే వాపసు తీసుకున్నారు.

ఆ తర్వాత సర్వీసులో చాలా బాటలకు ప్లాన్లు పెట్టాను. గీత వేయించే ముందు ప్రతిచోటా ఒక పొద్దున నేనే నడిచి చూశాను, కొంత దూరం వెనక్కి కూడా.