బోర్డు నిండింది, శామ్యూల్ సారూ

శామ్యూల్ గారు ప్రభువు సన్నిధికి చేరారన్న దుర్వార్త నాకు ఆయన ఫోన్ నుంచే వచ్చింది. ఆ నంబరు మోగిందంటే ఆయన కంప్యూటర్లో ఏదో ఫైలు కనబడడం లేదని అర్థం. అందుకే ఎత్తగానే, "ఇంగ యే ఫైలు పోయినాది సారూ?" అన్నాను. అవతల ఆయన భార్య గ్రేసమ్మ. "ఫైలు కాదప్పా, ఆయనే పోయినారు," అంది. శోకసముద్రంలో మునగవలసిన ఆ క్షణంలో నాకు ముందు సిగ్గేసింది. శోకం తీరిగ్గా సాయంత్రానికి వచ్చింది.

కోలారు బంగారు గనులు మూతపడేదాకా ఆయన గని వాకిట బిళ్ళల గుమాస్తా. దిగే ప్రతి మనిషీ బోర్డు మీది తన ఇత్తడి బిళ్ళను తీసుకుపోవాలి, పైకొచ్చాక మళ్ళీ తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడు. "బోర్డు నిండితేనే నేను ఇంటికి పోతాను," అని చెప్పేవారు. గని మూతపడి ఎన్నేళ్ళయినా ఆ మాటను వర్తమాన కాలంలోనే చెప్పేవారు. వ్యాకరణ దోషమనుకుని ఊరుకున్నాను.

వార్ధక్యంలో ఆ మహనీయునికి వెబ్‌సైట్ సంకల్పం కలిగింది. తన చివరి షిఫ్టులో దిగిన పదకొండు మందికీ ఒక్కో ఫైలు, ఒక్కో ఫోటో, నాలుగు మాటలు. రాబర్ట్‌సన్‌పేటలో కంప్యూటర్లు బాగుచేసే నన్ను పిలిచి, తన కంప్యూటర్‌నే సర్వర్ చేయమన్నారు. అలా పెడితే సైట్ ఈ గది దాటి ఎక్కడా తెరుచుకోదని చెప్పాను. "పర్వాలేదప్పా. చూసేదానికి వచ్చేవాళ్ళు యాడుండారు?" అన్నారు.

తొలిరోజే సాఫ్ట్‌వేర్ మొండికేసింది, ఫైలు లేదంది. నేను సగర్వంగా దాన్ని నెట్ నుంచి మూడుసార్లు దింపుకుని మూడుసార్లు ఎక్కించాను. ఆయన తెర వైపు వంగి చూశారు. "ఫైలు యాడికీ పోలేదప్పా. అది కింది లెవెల్లో ఉండాది, నువ్వు పై లెవెల్లో నిలబడి పిలుస్తా ఉండావు." నిజమే, విప్పిన ఫోల్డర్ లోపల అదే పేరుతో ఇంకో ఫోల్డర్ ఉంది. నా డిగ్రీ ఆ రోజు కాస్త ముడుచుకుపోయింది.

తర్వాత కూడా సైట్ అప్పుడప్పుడు ఆగిపోయేది. కారణం నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ పదకొండు మందిలో ఎవరైనా కాలం చేస్తే, సారు వారి ఫైలును 'లోపల' అనే ఫోల్డర్ నుంచి తీసి 'బోర్డు' అనే ఫోల్డర్లో పెట్టేవారు. పాత చోట వెతికి వెతికి సైట్ చతికిలబడేది. విసుక్కుంటే, "పైకొచ్చినోడి బిళ్ళ బోర్డు మీద ఉండాల గదప్పా," అనేవారు. నేను వెనక్కి పెట్టేవాణ్ణి, నేను గేటు దాటగానే ఆయన మళ్ళీ తీసేవారు. మళ్ళీ ఫోన్, మళ్ళీ కాఫీ. ఆ పిలుపు ఫైలు కోసమా, పలకరింపు కోసమా అని ఎన్నడూ అడగలేదు.

'లోపల' ఆయన ఫైలు కూడా ఉండేది. మీరు గనిలోకి దిగనే లేదు కదా అని వెక్కిరించాను. "వాళ్ళంతా వచ్చేదాకా నేనూ లోపలున్నట్టే," అన్నారు.

చర్చిలో సంస్మరణ ప్రార్థన రోజు ఆ సైట్‌ను అందరికీ చూపించాలని గ్రేసమ్మ కోరింది. నా ల్యాప్‌టాప్‌లో ఎక్కిస్తే యథావిధిగా ఫైళ్ళు లేవంది. చూస్తే పదకొండూ 'బోర్డు'లోనే ఉన్నాయి. ఆఖరి మనిషి కూడా కాలం చేశాక, తాను పోయేలోపే ఆయన అందరినీ పైకి చేర్చేశారు. ఈసారి నేను వాటిని కదిలించలేదు. సాఫ్ట్‌వేర్‌నే 'బోర్డు'లో కూడా వెతకమన్నాను. ఒక్క వాక్యం మార్పు, అయిదు నిమిషాల పని. అన్నేళ్ళలో ఎన్నడూ చేయలేదు.

'లోపల' ఒక్క ఫైలే మిగిలింది. అలాగే ఉంచమంటారా అని గ్రేసమ్మను అడిగాను.

"చానా కాలం లోపలే ఉండిపోయినారు. ఇంగ పైకి రానీప్పా."

తీసి 'బోర్డు'లో పెట్టాను. ఈ ఫోల్డర్ ఖాళీగా ఉంది అని కంప్యూటర్ చెప్పింది. ప్రార్థనలో పన్నెండు పేర్లూ ఒక్క తప్పూ లేకుండా తెరుచుకున్నాయి.

బోర్డు నిండింది సారూ, ఇంగ ఇంటికి పొండి. మీకు నేను చేయగల నమస్కారం ఇదొక్కటే. నా ఫోన్ మాత్రం మోగడం మానేసింది. విప్పి చూశాను, నేను బాగుచేయగల లోపమేదీ అందులో లేదు.