రబ్బరు వేలికి తగిలింది

కల్యాణసుందరి పుట్టింది పెరియకుళం మామిడితోటల్లో, మెట్టింది బోడినాయకనూరులో ఏలకులు టోకున కొని అమ్మే మండివాళ్ల ఇంట్లో. అత్తగారి కాలంలో ఇంటి ఆడవాళ్లు మండి గడప తొక్కేవారు కాదు. ఈవిడ మాత్రం కాపురానికొచ్చిన కొత్తలోనే కొంగు బిగించి వెళ్లి అక్కడ కూర్చుంది. కొండమీంచి జీపుల్లో దిగిన మూటలు విప్పించడం, పచ్చకాయ వేరు చేయించడం, ఫోన్లో వ్యాపారులతో గొంతెత్తి బేరమాడటం అన్నీ ఆవిడ పనే. భర్త పెరియసామి నెమ్మదస్తుడు. "మా ఇంట్లో మీసం నాది, మాట ఆమెది" అని నవ్వేవాడు.

అలాంటి మనిషికి యాభై దాటాక కుడి డొక్కలో బరువు మొదలైంది. అజీర్తి అనుకుని జీలకర్ర కషాయంతో కొన్నాళ్లు నెట్టుకొచ్చింది. చివరికి మదురై వెళ్లి స్కాన్ తీయిస్తే కాలేయంలో నిమ్మకాయంత గడ్డ కనబడింది. అది మంచిదో చెడ్డదో తేలలేదు. తీసేయాల్సిందే అన్నారు.

ఆపరేషన్ చేసే డాక్టర్ షణ్ముగప్రియది కూడా వీళ్లలాగే తమిళనాట స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇల్లు, ఊరు తిరుమంగళం. అందుకని ఇంటి మాటల్లోనే చెప్పింది.

"భయపడొద్దమ్మా. కడుపంతా కోసేది లేదు. చిన్న చిన్న రంధ్రాలు పెట్టి తీసేస్తాం."

"అయితే మీ చెయ్యి లోపలికి పోదా?"

"పోదు. కెమెరాలో చూస్తా, సన్న కడ్డీలతో కోస్తాం. కంటికి తెలుస్తాది గానీ చేతికి ఏమీ తెలీదు. లోపల దాగుండేది తడిమితేనే కదా తెలిసేది? దానికే కొత్తగా ఒకటి ట్రయల్ చేస్తా ఉండాం. మీకు ఇష్టమైతేనే."

డబ్బా తెరిచి చూపించింది. పెన్సిలంత సన్నటి రబ్బరు వేలు. గాలి ఎక్కించగానే అది మెల్లగా ఒళ్లు విరుచుకుని వంకర తిరిగింది. కల్యాణసుందరి కుర్చీతో సహా వెనక్కి జరిగింది.

"అయ్యయ్యో! పురుగు మాదిరి ఉండాదే! దీన్నా నా కడుపులోకి పంపేది?"

"వద్దంటే వద్దులే" అన్నాడు పెరియసామి వెంటనే.

డాక్టరమ్మ దాని కొసను ఆవిడ మణికట్టు మీద ఆనించింది. పక్కనున్న తెరమీద ఆవిడ నాడి కొట్టుకోవడం చుక్కలు చుక్కలుగా కనబడింది. చర్మానికి మాత్రం ఏదో తగిలినట్టే లేదు. కల్యాణసుందరి ఆ తెరవంకా తన చేతివంకా మార్చి మార్చి చూసింది.

"సరి, పంపండి" అంది.

ఆపరేషన్ మర్నాడు షణ్ముగప్రియ మంచం దగ్గరికొచ్చి కూర్చుంది.

"స్కాన్‌లో చూసింది తీసేసినామమ్మా. ఇంకోటి కూడా ఉండింది."

"ఇంకోటా?"

"శనగగింజంత. స్కాన్‌లో పడలా. రబ్బరు వేలు తడుముకుంటా పోతే గట్టిగా తగిలింది. అక్కడే అల్ట్రాసౌండ్ పెట్టి చూసి, అదీ తీసినాం. రెండూ పరీక్షకు పంపినాం."

కొన్నాళ్లకు ఆ ఫలితం వచ్చింది. ఇన్నాళ్లూ తిండీ నిద్రా లేకుండా చేసిన పెద్ద గడ్డ ఏ హానీ లేనిది. ఎవరికీ కనబడని శనగగింజే క్యాన్సర్. తొలిదశలోనే దొరికింది, ఇక మాటిమాటికీ స్కాన్ తీయించుకుంటే చాలన్నారు.

"నిమ్మకాయంతది మంచిదా? గింజంతదా క్యాన్సరు?" కల్యాణసుందరి అడిగిందే అడిగింది. పెరియసామి రిపోర్టును మళ్లీ మొదటినుంచి చదివాడు.

బోడినాయకనూరు తిరిగొచ్చాక ఆవిడ మండికి పోలేదు. ఫోన్ మోగితే తీయలేదు. ఆ రోజు నేను ఆ రబ్బరు వేలు వద్దని ఉంటే? నలుగురిని పిలిచి పెద్దగడ్డ పోయిందని పాయసం పెట్టి ఉండేదాన్ని, లోపల అది పెరుగుతూ ఉండేది. ఈ ఊహ వచ్చినప్పుడల్లా చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది.

తర్వాతి చెకప్‌కు వెళ్లినప్పుడు అక్కడ సుధాకరన్ అనే ఇంజినీరు ఉన్నాడు. కోయంబత్తూరు కాలేజీలో ఆ వేలిని తయారుచేసిన వాళ్లలో ఒకడు.

"అమ్మా, ఆ రోజు రబ్బరు వేలికి తగిలిందంతా రికార్డు చేసి దాచినాం, దీనిమీద వేలు పెడితే అట్లే మళ్లీ తెలుస్తాది. తాకి చూస్తారా?" అంటూ అరచేతిలో పట్టేంత రబ్బరు దిండొకటి బల్లమీద పెట్టాడు.

ఆవిడ చూపుడువేలు ఆనించింది. దిండు మెత్తగా పైకి లేచింది, మళ్లీ దిగింది. లేచింది, దిగింది. ఉన్నట్టుండి ఆ మెత్తదనం కింద చిన్నగా, గట్టిగా ఏదో వేలికి తగిలింది. నిప్పు అంటుకున్నట్టు చెయ్యి లాగేసుకుంది.

"అదేనా?"

"అదేనమ్మా."

ఒళ్లంతా గగుర్పొడిచింది. కన్నతల్లి కూడా తాకని చోటు అది. తన కాలేయం మీద తన వేలే పడింది.  పెరియసామి చెయ్యి పట్టి లాగి, ఆయన వేలిని దిండుమీద పెట్టింది.

"కదులుతా ఉండాదే!" అన్నాడాయన బెదిరిపోయి.

"అమ్మ ఊపిరి సార్ అది" అన్నాడు సుధాకరన్.

పెరియసామి కళ్లు మూసుకున్నాడు. గట్టిది తగిలి దాటిపోయేదాకా ఆయన చెయ్యి తీయలేదు.

అప్పట్నుంచి తీసిన స్కాన్లన్నీ బాగానే వచ్చాయి. కల్యాణసుందరి మళ్లీ మండిలో కూర్చుంటోంది, బేరాలూ చేస్తోంది. చుట్టపు ఆడవాళ్లు మాత్రం వింతగా అడుగుతుంటారు, "నీ కాలేయాన్ని నువ్వే తాకినావంటనే, ఎట్ల ఉండిందమ్మా?"

"మెత్తగా ఉండింది. అంత మెత్తదాంట్లో అది కూర్చొనుండింది" అంటుంది. అని, రెండు చేతులూ పైటలోకి చుట్టుకుంటుంది.