బిగించిన స్క్రూలు

నరసరావుపేట ఆసుపత్రిలో ఇక ఇంటికి తీసుకెళ్లమన్నాక అమ్మ అన్నం అడగలేదు, మందు అడగలేదు. "మీ నాన్న రేడియో ఒకసారి పలికితే ఇని పోతానే" అంది. దాని బదులు ఫోన్లో ప్రార్థన పెడితే మొహం తిప్పుకుంది. "ఇది కాదే. గుయ్యిమంటా, ఆగి ఆగి వచ్చేది."

నాన్న పోయాక ఆ వాల్వుల రేడియో మా కారంపూడి ఇంట్లో అటక మీద, మిరపకాయల గోతాల వెనక పడి ఉంది. దించి తుడుస్తుంటే ఒకటే తుమ్ములు. మా తమ్ముడు బోరు మోటార్ల మెకానిక్కు. ఎలుకలు కొరికిన తీగలు మార్చాడు, ఉబ్బిపోయిన కండెన్సర్లు తీసి కొత్తవి వేశాడు. వరండాలో బల్ల మీద పెట్టి, బట్టలారేసే దండెం తీగనే ఏరియల్‌గా తగిలించాడు. షార్ట్‌వేవ్‌లో ముల్లు తిప్పితే ఎవరో సన్నగా, ఎక్కడో దూరం నుంచి మాట్లాడారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ గొంతు అమ్మ మంచం దాకా వినపడేలా చేస్తానన్నాడు వాడు.

అక్కడే చేశాడు ఘనకార్యం. నేను జావ కాచి వచ్చేసరికి రేడియో లోపలి స్క్రూలన్నీ బిగించి కూర్చున్నాడు. "అన్నీ లూజేనక్కా, ఒక్కటీ సరిగ్గా లేదు" అన్నాడు గర్వంగా. బోరు మోటారుకు ఒక్క నట్టు వదులైనా కాలిపోతుంది. వాడి చేతికి తెలిసింది అదొక్కటే. రేడియోలో ఇక గొంతు లేదు, ఉత్త బుస్సుమనే చప్పుడు.

నరసరావుపేటలో ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన సాయిబు గారికి ఫోన్ చేశాం. "అయ్యో, అయ్యి లూజు కాదు నాయనా, స్టేషను పట్టటానికి కావాలనే అట్టా తిప్పి పెట్టినయి. ఒక్కోటే కొంచెం కొంచెం వదులు చేస్తా ఇను. బుస్సు ఏడ పెద్దదైతే ఆడ ఆపు" అన్నాడాయన.

"నీ చేతులు పడిపోను! దాన్ని కూడా బోరు మోటారనుకున్నావంట్రా?" అని అరిచాను. వాడు ఏడుస్తూనే స్క్రూడ్రైవర్ తీశాడు. వాణ్ణి కొట్టాలనీ ఉంది, వాడి కాళ్లు పట్టుకోవాలనీ ఉంది నాకు.

సాయంత్రం దాకా తిప్పాడు. మోటార్ల మోతలో మొద్దుబారిన చెవులు, తేడా పట్టలేకపోయాడు. నాకూ అంతా ఒకటే బుస్సులా ఉంది. ఇక వల్ల కాదని వాడు తల పట్టుకునే వేళకు, లోపల అమ్మ చూపుడువేలు లేవడం చూశాను. చప్పుడు పెరిగినప్పుడల్లా లేపుతోందని కాసేపటికి గాని అర్థం కాలేదు. మంచం పక్కన కూర్చుని వరండాలోకి కేకలేశాను.

"లేపింది, ఆపు! దించిందిరా, ఎనక్కి తిప్పు!"

అమ్మ కళ్లు మూసుకునే ఉంది. వేలు మాత్రం లేస్తోంది, వాలుతోంది, ఒక్కోసారి చానాసేపు లేవడమే లేదు. ప్రభువా, ఇంకొక్క స్క్రూ, ఒక్క గొంతు, తర్వాత నీ ఇష్టం అని బతిమాలుకున్నాను.

చివరి స్క్రూ దగ్గర గుయ్యిమని కూత లేచి, దాని వెనకే ఒక మగ గొంతు ఇల్లంతా నిండింది. ఏ భాషో తెలియదు. అచ్చం నాన్న వినే రోజుల్లోలాగే, ఆగి ఆగి వస్తోంది.

"అక్కా, వచ్చింది! అమ్మ వేలు లేపిందా?"

అమ్మ చెయ్యి నా చేతిలోనే ఉంది. వేలు కదల్లేదు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాను, ఊపిరి లేదు.

"లేపిందిరా" అన్నాను. "ఇంక తిప్పమాక."