వదిన బూట్లు విప్పని రోజు

ఆ గేటు కట్టింది నేనే. మీరు ఇంకెవరి నోటో వినే బదులు నేనే చెప్పేస్తే నయం. నలభై ఏళ్లుగా ఈ లోయలో కంచెలు వేసి బతుకుతున్నవాణ్ణి. ఎవరు పిలిస్తే వాళ్ల పొలానికి వెళ్తాను, గుంజలు పాతుతాను, తీగ బిగిస్తాను, గేటు వేలాడదీసి వస్తాను. గ్లెన్ ఆర్డెల్ అనే పెద్ద పొలం కొత్త యజమాని పిలిస్తే అలాగే వెళ్లాను. ఎద్దులు బయటికి పోకుండా గేటు కావాలన్నాడు, సరేనన్నాను. ఆ గేటు మా వదినకీ నదికీ మధ్య పడిందని ఇంటికొచ్చి టీ తాగుతుంటే గానీ నా మట్టిబుర్రకి తట్టలేదు. కంచే చేను మేయడమంటే ఇదే.

వదిన పేరు ఎఫీ లామొంట్. మా అన్న హెక్టర్ భార్య. అన్న పోయి పదకొండేళ్లయింది, వదినకిప్పుడు డెబ్భై ఒకటి. పొట్టి మనిషి. ఎప్పుడో ఓ గొర్రె వచ్చి గుద్దితే కుడి మోకాలు దెబ్బతింది, చలికాలం వస్తే గుమ్మడికాయలా వాస్తుంది. పదహారో ఏట గ్లెన్ ఆర్డెల్‌లో ఉన్ని కత్తిరించేవాళ్లకి వంట చెయ్యడానికి వచ్చింది. ఇరవైమంది మగాళ్లు, రోజుకి అయిదుసార్లు తిండి. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక ఓ గంటన్నర తీరిక దొరికితే మిగతా ఆడవాళ్లు నడుం వాల్చేవారు. ఈవిడ మాత్రం ఆప్రాన్ విప్పి నదికి పరిగెత్తేది.

అప్పటి యజమాని ముసలి మర్డాక్ ఓ రోజు ఆవిణ్ణి ఒడ్డున పట్టుకున్నాడు. తిడతాడేమో అనుకుంటే తన గాలపుకర్ర ఆవిడ చేతిలో పెట్టాడట. కాసేపు చూసి, "నీ చెయ్యి నాకంటే తేలికమ్మాయ్. పొలం నాది గానీ నది నాది కాదు. నువ్వు నడవగలిగినన్నాళ్లు దానికి దారి ఉంటుంది పో," అని చెయ్యి కలిపాడు. కాగితం లేదు, సంతకం లేదు. ఆ కలిపిన చేతి మీదే వదిన యాభై అయిదేళ్లు నడిచింది.

భూగోళానికి అడుగునున్న మా దేశంలో అక్టోబరంటే వసంతం, ఆ నెల ఒకటిన చేపలు పట్టేందుకు మా నది తెరుస్తారు. ఆ రోజుకి వదిన నెల ముందు నుంచే నిద్ర తక్కువ పోతుంది. కొండల మీద మంచు కరిగి నీళ్లు చల్లగా, ఆకుపచ్చగా దిగుతుంటాయి, ట్రౌట్ చేపలు అడుగున రాళ్లకి అంటుకుని పడుకుంటాయి. గాలానికి ఎరగా కుందేలు చెవి బొచ్చుతో కట్టిన బుల్లి బొమ్మ ఈగని అడుగు దాకా దింపి, చేప నోటి ముందు నుంచి నడిపించాలి. జనవరి వచ్చేసరికి కీచురాళ్లు చెవులు చిల్లులు పడేలా అరుస్తాయి. గాలికి అవి నీళ్లలో రాలుతుంటే అదే చేపలు సిగ్గొదిలేసి, నోళ్లు తెరుచుకుని పైకొస్తాయి, అప్పుడు బొటనవేలంత ఈగ వేసినా మింగేస్తాయి. ఫిబ్రవరిలో నీళ్లు తగ్గి అద్దమైపోతాయి. మన నీడ పడితే చాలు, చేప మాయం. ఆ నెలంతా వదిన ఒడ్డున గులకరాళ్ల మీద మోకాళ్లతో పాకేది, మోకాలి సంగతి అడిగితే "నోర్మూసుకో" అనేది. ఏప్రిల్ ఆఖరుకి చేపలు గుడ్లు పెట్టడానికి పైపాయలకి పోతాయి, నది మూసేస్తారు. ఇక చలికాలమంతా వంటింటి బల్ల మీద ఈగలు కట్టడమే. ఈగ కాళ్లకి మా ఎర్ర పుంజు మెడ ఈకలే కావాలి, ఇంకో పుంజు పనికిరాదు.

తెరిచున్న గేటు తెరిచే ఉంచాలి, మూసున్నది మూసే రావాలి. ఎవరింటికెళ్లినా గుమ్మంలో బూట్లు విప్పి గానీ లోపల కాలు పెట్టకూడదు. ఈ లోయలో పిల్లలకి అక్షరాల కంటే ముందు నేర్పేది ఇదే. వదిన కుట్లు వేసిన మేజోళ్లు ఇక్కడ చూడని వంటిల్లు లేదు.

మర్డాక్ పోయాక పిల్లలు పొలం అమ్మేశారు. కొన్నవాడు నగరం నుంచి వచ్చిన పెల్హామ్. నది కనబడేలా మిట్ట మీద అద్దాల విడిది కట్టాడు. హెలికాప్టర్లలో అతిథులొస్తారు, వాళ్లకి చేప ఎక్కడుందో చూపించడానికి ఓ మనిషి, పట్టాక ఫొటో తీయడానికి ఇంకో మనిషి. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు, దానమైతే నేనూ ఊరుకుందును. వీడు ఎవరిదీ కాని నదిని అమ్ముకుంటున్నాడు.

ఏప్రిల్‌లో నది మూసే వారం వదిన వెళ్లి చూస్తే నా గేటుకి గొలుసు, గొలుసుకి తాళం. ఇంకో దారి లేకపోలేదు. ఇరుకులోయలో బండరాళ్లెక్కి నాలుగు గంటలు నడవాలి, ఆ మోకాలితో ఆవిడ వల్ల కాదు. అంటే ఆ గేటు తెరుచుకోకపోతే ఈ జన్మకి వదినకి ఆ నది లేనట్టే.

మర్యాద తెలిసిన మనిషి కాబట్టి అల్లం బిస్కెట్లు చేసి, డబ్బాలో పెట్టుకుని, కారులో చుట్టూ తిరిగి విడిదికి వెళ్లింది. గుమ్మంలో బూట్లు విప్పింది. పెల్హామ్ నవ్వుతూనే మాట్లాడాడు.

"అతిథులకి తప్ప నది ఇవ్వడం లేదండీ. కానీ మీరు గురువారాలు వచ్చి, మా హాల్లో కూర్చుని ఈగలు కట్టి చూపిస్తే బావుంటుంది. మీలాంటి పాతకాలపువాళ్లంటే మావాళ్లకి భలే ముచ్చట."

బిస్కెట్ల డబ్బా మాత్రం తీసుకున్నాడు. తిరిగివ్వలేదు. ఈ మాట విన్నప్పుడు నా అరికాలి మంట నెత్తికెక్కింది. జూలో కోతిని చూపించినట్టు చూపిస్తాడట మా వదినని!

నా మీద వదినకి వచ్చిన కోపం ఇంకా పెద్దది. మే, జూన్ నాతో మాట లేదు. జూలైలో ఓ మధ్యాహ్నం మా పెరట్లో కనబడింది.

"నీతో మాట్లాడ్డానికి రాలేదు. నీ కోడితో పనుంది."

"అయితే దాన్నే అడుగు, నన్నెందుకు?" అన్నాను.

పుంజుని చంకలో ఇరికించుకుని మెడ ఈకలు నాలుగు పీకింది. అది గోల చేస్తుంటే, "నువ్వైనా అరుస్తున్నావ్, మీ యజమాని అది కూడా చెయ్యడు," అంది దాంతో. వెళ్లిపోతూ షెడ్డు దగ్గర ఆగింది.

"ఆ తలుపుకి అడ్డం పెట్టిందేంటి?"

"ఏదో పాత గుంజ. గేటు కోసం గొయ్యి తవ్వుతుంటే అడ్డొచ్చింది. పీకి బండిలో పడేశాను."

ఒంగి తీసింది. ఆప్రాన్‌తో మట్టి తుడిచింది. ముదురు కర్ర, పైన బాణం గుర్తు, కింద చెక్కిన అంకెలు. నా వంక ఎలా చూసిందంటే, మా అమ్మ బతికున్నా అలా చూసేది కాదు.

"నలభై ఏళ్లు కంచెలేశావు. సర్వే గుంజకీ పొయ్యిలో కట్టెకీ తేడా తెలీదూ? సర్కారువాళ్లు నీ గొర్రెల కోసం బాణం చెక్కి పాతారనుకున్నావా?"

"తప్పయిపోయింది వదినా."

"తప్పు సంగతి తర్వాత. దీన్ని ఎక్కడ పీకావో గుర్తుందా?"

గుంజ పాతినవాడికి గొయ్యి గుర్తుండదా? మర్నాడు ఇద్దరం టౌనులో పటాల ఆఫీసుకి వెళ్లాం. గుంజ మీది అంకెలు చూపిస్తే ముక్కుకి రింగు పెట్టుకున్న అమ్మాయి నూటముప్పై ఏళ్ల నాటి పటం తెచ్చి బల్ల మీద పరిచింది. ఉంది! ఎవరో సర్వేయరు మహానుభావుడు డేరాలో కూర్చుని, బద్ద పెట్టి, వంతెన నుంచి నది దాకా ఓ రోడ్డు గీసి పారేశాడు. ఎవరూ వెయ్యలేదు, కంకర పడలేదు. ఇలాంటివి ఈ దేశంలో బోలెడు, కాగితం రోడ్లంటాం. కాగితం మీదున్నా రోడ్డు రోడ్డే, ఎవరైనా నడవచ్చు. ఆ అమ్మాయి పటం మీద ఆకాశం నుంచి తీసిన ఇప్పటి ఫొటో పెట్టి సరిచూసింది, గీత వెంట వేలు పెట్టి మళ్లీ సరిచూసింది.

"ఏమైందమ్మా?" అంది వదిన.

"మీ రోడ్డు ఆ కొత్త విడిది లోంచి పోతోందండీ. తూర్పు తలుపులోంచి వెళ్లి, భోజనాల హాల్లోంచి, పడమటి తలుపులోంచి బయటికి."

అంత డబ్బున్నవాడికి ఒక్క పాత పటం చూసే తీరిక లేకపోయింది! పటాల ఆఫీసు నుంచి పెల్హామ్‌కి ఉత్తరం వెళ్లింది. పరిశీలిస్తున్నామని వాళ్ల లాయరు జవాబిచ్చాడు. ఆగస్టులో పరిశీలించారు, సెప్టెంబరులో పరిశీలించారు. "వీళ్ల పరిశీలన అయ్యేలోపు నన్ను పాతేస్తారు," అంది వదిన.

అక్టోబరు ఒకటి, పొద్దున్న ఎనిమిది. గేటు దగ్గరికి వెళ్లాం. వదిన ఎప్పటిలాగే మడమల దాకా వచ్చే ఉన్ని లాగు మీద పొట్టి నిక్కరు తొడుక్కుంది, చేతిలో గాలపుకర్ర. గొలుసు జోలికి నేను పోలేదు. కీళ్ల వైపు నుంచి నట్లు విప్పి, గేటుని ఎత్తి, కంచెకి ఆనించాను. వేలాడదీసిన చేతులే దింపాయి. తర్వాత పటం చూసుకుంటూ గడ్డిలో తిన్నగా నడిచాం. రాత్రి వాన కురిసింది, మడమల దాకా బురద.

తూర్పు తలుపు దగ్గర అలవాటుకొద్దీ ఒంగి బూట్ల తాళ్లు విప్పబోయాను.

"ఏం చేస్తున్నావ్?"

"బూట్లు వదినా..."

"లే. రోడ్డు మీద ఎవడైనా బూట్లు విప్పుతాడా?"

తలుపు తీసి లోపలికి నడిచింది. పదిమంది అతిథులు గుడ్లు తింటున్నారు. పాలరాతి గచ్చు మీద వదిన బూట్లు ఒక్కో అడుగుకీ ఒక్కో ముద్ద వదిలాయి. పెల్హామ్ కుర్చీలోంచి లేచాడు.

"ఏంటిది? ఇది నా ఇల్లు!"

"ఇల్లు నీదే బాబూ. రోడ్డు మాది. నువ్వే రోడ్డుకి అడ్డంగా బల్ల వేసుకుని తింటున్నావ్. కాస్త జరుగు."

జరిగాడు. ఏం చేస్తాడు, పటాల ఆఫీసు ఉత్తరం చదివినవాడేగా! పడమటి తలుపు మూసుంది. వదిన తీసింది, దాటాం, మళ్లీ జాగ్రత్తగా మూసింది.

నది అలాగే ఉంది. మడుగు అడుగున నాకు కూడా కనబడేలా ఓ పెద్ద చేప ఊగుతోంది. వదిన మొదటి ఈగ పొదకి చిక్కింది. రెండోది నీళ్ల మీద చెంపదెబ్బలా పడింది, చేప పారిపోయింది. ఆవిడ చెయ్యి అలా పడ్డం నా ఎరుకలో లేదు. వెళ్లి రాయి మీద కూర్చుంది.

"వయసు కాదు మరిదీ," అంది. "యాభై అయిదేళ్లు ఈ లోయలో ఏ ఇంటి గచ్చు మీదా బురద వెయ్యలేదు. ఆఖరికి నాచేత ఆ పని చేయించారు చూడు."

ఏడ్చింది. అన్నని పూడ్చిన రోజు కూడా ఏడవని మనిషి. నాకు వెనక్కి వెళ్లి ఆ అద్దాలన్నీ పగలగొట్టాలనిపించింది. అన్నాను కూడా. "కూర్చో వెధవా," అంది. మధ్యాహ్నానికి చెయ్యి కుదురుకుంది. ఒక చేపని పట్టింది, అరచెయ్యి తడుపుకుని, దాన్ని నీళ్లలోనే విడిపించి పంపేసింది.

సాయంత్రం మళ్లీ అదే దారి. హాల్లో ఉదయం బురద అలాగే ఎండిపోయుంది. పోలీసులకి చూపించడానికి ఉంచాడట. వదిన వంటింట్లోకి తొంగిచూసి, "అమ్మాయ్, ఓ బకెట్టు, తుడుపుగుడ్డ ఇస్తావా?" అంది. పెల్హామ్ పరిగెత్తుకొచ్చాడు.

"మీరేం చేస్తున్నారు?"

"రోడ్డు నాదే, రోడ్డు మీద బురదా నాదే. పక్కకి తప్పుకో."

వాసిన మోకాలు గచ్చుకి ఆనించి, తూర్పు తలుపు నుంచి పడమటి తలుపు దాకా తుడిచింది. సరిగ్గా ఆ చారే, అటు అంగుళం లేదు, ఇటు అంగుళం లేదు. అతిథులు కాళ్లు పైకెత్తుకుని కూర్చున్నారు. తుడిచినంత మేర గచ్చు మెరిసింది, మిగతాదంతా మసకగా మిగిలింది. ఆ పటం మీద గీత ఇప్పుడు అందరికీ కనబడుతోంది.

నేను చెయ్యందిస్తే లేచింది. బల్ల మీద తన బిస్కెట్ల డబ్బా కనబడింది, అందులో వాళ్లు కాఫీకి చక్కెర పోసుకున్నారు. వదిన చక్కెరంతా ఓ గిన్నెలోకి ఒంపి, డబ్బా చంకలో పెట్టుకుంది.

"రేపు ఎనిమిదింటికి వస్తాను," అంది పెల్హామ్‌తో. "వాన పడేలా ఉంది. బూట్లు తుడుచుకోడానికి గుమ్మంలో ఓ గోనెపట్టా వేసి ఉంచు."

మర్నాడు వెళ్లేసరికి పట్టా వేసి ఉంది.