ఫిర్యాదుల బల్లకు అవతలి కుర్చీ

మా ఆయన పనిచేసే కొట్లో మిక్సీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు అమ్ముతారు. అమ్మేవాళ్ళు ముందు హాల్లో తళతళలాడుతూ నిలబడతారు. వెనకాల, గోడౌన్ తలుపు పక్కన, గుయ్‌మనే ట్యూబులైటు కింద ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక మంచినీళ్ళ కూజా ఉంటాయి. అది ఫిర్యాదుల కౌంటరు. మా పెళ్ళికి ముందు నుంచీ ఆయన చోటు అదే. కొట్లో అందరూ ఆయన్ని ఫ్రిజ్ బాబాయి అంటారు. అక్కడ అమ్మే ఫ్రిజ్‌లు ఆయనంత చల్లగా పనిచేస్తే అసలు ఫిర్యాదులే రావని నా అభిప్రాయం.

ఆయనకో పద్ధతి ఉంది. ఎవరు నిప్పులు కక్కుతూ వచ్చినా ముందు కూర్చోబెడతారు, నీళ్ళిస్తారు, మధ్యలో నోరెత్తకుండా చివరిదాకా వింటారు. ఆపైన "మీరు చెప్పింది నిజమేనండీ" అంటారు. ఆఖర్న, "ఇప్పుడు మేమేం చేస్తే మీ మనసు కుదుటపడుతుంది?" అని అడుగుతారు. మిక్సీ జారు నేలకేసి కొట్టడానికి వచ్చినవాళ్ళు పిల్లల చదువుల సంగతులు చెప్పుకుని వెళ్ళిన రోజులున్నాయి. ఇంట్లో మాత్రం ఈ పద్ధతికి నాకు ఒళ్ళు మండుతుంది. పోట్లాడదామని కొంగు దోపుకుని నిలబడితే, ఎదుటి మనిషి నీళ్ళ గ్లాసు పట్టుకొస్తే ఇంకేం పోట్లాట?

మా అక్క కూతురి పెళ్ళికి విమానంలో బయల్దేరాం. ఎయిర్‌పోర్టు బోర్డు మీద మా విమానం వేళ మారుతూనే పోయింది. మేం చేరేసరికి పెళ్ళి హాల్లో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. పెళ్ళికూతురు అత్తవారింటికి వెళ్ళిపోయింది.

"మా మరిది నిదానం ఎవరికి తెలీదు? వీళ్ళు ఇంట్లోంచి కదలడమే ఆలస్యమై ఉంటుంది. నెపం విమానం మీదకి తోస్తున్నారు," అంది అక్క, మిగిలిన చుట్టాలందరూ వింటుండగా.

ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఆ రోజు అందరికన్నా ముందు బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడింది ఆయనే. తాళంచెవి కనబడక ఇల్లంతా తిరగేసింది నేను. అయినా ఎయిర్‌పోర్టుకి వేళకే చేరాం కదా. ఆ తర్వాత అక్క ఫోన్ చేయడం మానేసింది. పెళ్ళయ్యేదాకా ఒకే దుప్పటి కింద పడుకున్న మనిషి మాట్లాడకపోతే, వంట చేస్తున్నా చేతులు ఆడలేదు.

అందుకే విమాన కంపెనీని పరిహారం అడుగుదామన్నాను. డబ్బులొస్తే నాకేం చేదు కాదు. కానీ నాకు అసలు కావలసింది, ఆలస్యం తమదేనని వాళ్ళు రాసిచ్చే కాగితం. దాన్ని అక్క కళ్ళముందు పెట్టాలి.

ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చుని, స్పీకరు పెట్టి, కంపెనీకి ఫోన్ చేశారు. ఎవరో అమ్మాయి ఎత్తింది.

"వాతావరణం బాగోక ఆలస్యమైందండీ. అది మా చేతుల్లో లేదు. దానికి పరిహారం రాదు."

"మీరు చెప్పింది నిజమేనండీ," అన్నారు మా ఆయన.

నేను తుడుస్తున్న పళ్ళెం చేజారింది.

"అయితే మీరు ఒప్పుకున్నారని రాసి ఫిర్యాదు మూసేస్తున్నానండీ."

"మంచిదమ్మా. ఇప్పుడు మేమేం చేస్తే మీ మనసు..." అని ఇంకా అంటూనే ఉన్నారు, నేను ఫోన్ లాక్కున్నాను.

"మీరు బల్లకి ఎటువైపు కూర్చున్నారో తెలుస్తోందా? ఇవాళ ఫిర్యాదు మనది."

"నోటికి అలవాటైపోయిందే," అని ఆయన తల గోక్కున్నారు.

ఇక నేనే రంగంలోకి దిగాను. నా గొంతు వీధి మలుపు దాకా వినబడిందట, ఎదురింటి డ్రైవరు తర్వాత చెప్పాడు. అవతల లైను కట్టయింది. మళ్ళీ చేశాను, మళ్ళీ కట్టయింది.

మర్నాడు కొట్టునుంచి వచ్చాక ఆయన, "నన్ను ఇంకోసారి మాట్లాడనివ్వు. నువ్వు వంటింట్లోనే ఉండు," అన్నారు. అదృష్టం కొద్దీ మొదటి రోజు అమ్మాయే ఎత్తింది.

"గొంతు బొంగురుపోయిందేంటమ్మా? మంచినీళ్ళు తాగావా?"

"పొద్దుట్నుంచీ తిట్లు తప్ప ఏమీ తిన్లేదండీ," అంది.

"నాదీ అదే ఉద్యోగమమ్మా," అన్నారు ఆయన. ఆ పిల్ల తన కష్టమంతా చెప్పుకుంది. ఈయన ఊ కొడుతూ కూర్చున్నారు. నేను వంటింట్లో పళ్ళు నూరుకుంటూ నిలబడ్డాను. అంతా అయ్యాక ఆయన నెమ్మదిగా, "ఆ రోజు మేం అద్దాల పక్కనే కూర్చున్నాం తల్లీ. ఎండకి మా ఆవిడ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా కళ్ళముందే మిగతా విమానాలన్నీ ఎగిరిపోయాయి. వాతావరణం మా ఒక్కళ్ళకే బాగోలేదా?" అన్నారు.

కీబోర్డు టకటకమంది.

"పైలట్లు వేరే ఊర్నుంచి రావడం ఆలస్యమైందని ఇక్కడ ఉందండీ. చూడకుండా మూసేశాను, నాదే పొరపాటు. మళ్ళీ తెరుస్తాను."

"ఆ ముక్కే కాగితం మీద రాయించమ్మా. మా ఇంట్లో ఇంకో పెద్ద ఫిర్యాదు దానికోసమే ఆగి ఉంది."

డబ్బులు వచ్చాయి, కాగితమూ వచ్చింది. నేను దాన్ని ఫొటో తీసి అక్కకి పంపి, ఆ వెంటనే ఫోన్ చేశాను.

"చూశావా?"

"ఇందులో కొత్తేముంది? పెళ్ళి జరుగుతున్నంతసేపూ మీ విమానం ఎక్కడుందో ఫోన్లో చూస్తూనే ఉన్నాను," అంది అక్క.

"తెలిసీ అంత మాటన్నావా?" అని నేను గొంతు పెంచాను. మా ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టారు. నాకు కుర్చీ జరిపారు. నీళ్ళిచ్చారు.

"చెప్పండి వదినా."

అక్క చెప్పింది. ఆయన మధ్యలో ఒక్క మాటా మాట్లాడలేదు, నన్నూ మాట్లాడనివ్వలేదు.

"ఫొటో తీసేటప్పుడు నా పక్క కుర్చీ దీనికోసం ఖాళీగా ఉంచాను మరిదిగారూ. కుర్చీ తీసెయ్యమన్నవాళ్ళతో పోట్లాడాను. ఇది వచ్చీ రాగానే, మా తప్పు కాదు, విమానానిది అంది. ఇది ఫొటోలో లేనందుకు నేను ఏడుస్తున్నాను, దీనికేమో ఎవరి తప్పో తేలాలి."

"మీరు చెప్పింది నిజమే వదినా," అన్నారు మా ఆయన.

ఈసారి నాకు ఒళ్ళు మండలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అక్కకి వినబడిందని నాకు తెలుసు.

"ఇప్పుడు మేమేం చేస్తే మీ మనసు కుదుటపడుతుంది?"

అక్క ముక్కు చీదుకుంది. "ఆ వచ్చిన డబ్బులు పెట్టి దాన్ని తీసుకురండి. కొన్నాళ్ళు ఉంచుకుని పంపిస్తాను. రైల్లో రండి."

నేను కళ్ళు తుడుచుకుని, అప్పుడే లేచి తాళంచెవి వెతకడం మొదలుపెట్టాను.